ఒక వావ్, రెండు పదవులు: అనటోలియాలోని ఒక దర్వీషు మఠం వక్ఫు తగాదాపై కేస్ స్టడీ

నేపథ్యం

ఒట్టోమన్ కాలపు వక్ఫు కాగితాలను చదివి, వాటిలో ఏముందో అడిగినవారికి రాతపూర్వకంగా చెప్పడం కొన్నేళ్లుగా నా వృత్తి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పారసీ రెవెన్యూ దస్తావేజులు చదువుతున్న రోజుల్లో, అంకెలకు బదులు అరబ్బీ సంఖ్యల పేర్లనే కుదించి గొలుసుకట్టుగా రాసే సియాఖ్ పద్ధతి నేర్చుకున్నాను. ఇస్తాంబులు ఖజానా గుమాస్తాలు వాడిన సియాకత్ కూడా ఆ కుదురు నుంచి వచ్చినదే. అందుకే ఒక టర్కీ సహచరుడు తనకు అంతుపట్టని లెక్కల పుటలు కొన్ని నాకు పంపాడు, ఆ పుటల వెంట ఈ కేసు మొత్తం నా బల్ల మీదికి వచ్చింది. సంబంధిత కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. ఊరి పేరు, వంశం పేరు, వక్ఫు స్థాపకుడి పేరు, కాగితాల తేదీలు, పుట సంఖ్యలు తీసేశాను, మిగిలినదాన్ని మార్చలేదు.

మధ్య అనటోలియాలో బిడారులు నడిచే దారి పక్కన ఒక చిన్న జావియే ఉండేది. జావియే అంటే దర్వీషులు నివసిస్తూ బాటసారులకు ఆశ్రయమిచ్చే మఠం. కొంచెం పెద్దదైతే తెక్కె అంటారు. మన ఊళ్లలో ఫకీర్ల తకియా అనే మాటకు అది తోబుట్టువు. ఈ జావియే వక్ఫుకు మూడు రాబళ్లు ఉండేవి: ఒక ఊరి పంటలో పదో వంతైన ఉషుర్, ఏటి మీద ఒక పిండిమర, కొన్ని పొలాలు. ప్రతిగా జావియే చేయాల్సినవి రెండు. కాగితాల్లో ‘ఆయెందె వ రెవెందె’ అని రాసే వచ్చేపోయేవారికి అన్నం పెట్టాలి, సుల్తాను రాజ్యం నిలవాలని దువా, అంటే ప్రార్థన, చేయాలి. పదవులు తన సంతానంలో ‘ఎర్షెద్ వ అస్లహ్’ అయినవారికి, అంటే వారందరిలో వివేకికి, యోగ్యుడికి దక్కాలన్నది స్థాపకుడి షరతు. ఒట్టోమన్ వక్ఫుల్లో ఈ షరతు తరచూ కనిపిస్తుంది, తగాదాలకు విత్తనం కూడా ఇందులోనే ఉంది. పెద్ద కొడుకెవరో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పవచ్చు గానీ, యోగ్యుడెవరో ఖాజీ సాక్షులను విని తేల్చాల్సి వచ్చేది.

ఇలాంటి వక్ఫులో పదవులు ఒకటికి మించి ఉండేవి. ఆరాధన, శిష్యుల శిక్షణ చూసేవాడు షేఖ్; మఠం తలుపు తెరిచి ఉంచి, పొయ్యి ఆరకుండా చూసి, అతిథులకు వడ్డించేవాడు జావియేదార్; ఆస్తులు కౌలుకిచ్చి, రాబడి వసూలు చేసి, లెక్క అప్పగించేవాడు ముతవల్లి; అతని మీద ఒక కన్నేసి ఉంచేవాడు నాజిర్. చిన్న మఠాల్లో వీటిలో రెండు మూడు ఒకే మనిషి చేతిలో ఉండేవి. కొన్నిచోట్ల ఒకే పదవి సగం, పావు, ఆరో వంతు వాటాలుగా అన్నదమ్ముల మధ్య చీలిపోయేది. పదవి ఏదైనా దాని వెనక బెరాత్, అంటే సుల్తాను తుగ్రా (రాజచిహ్నం) ఉన్న నియామకపత్రం, ఉండాలి. పదవిలో ఉన్నవాడు చనిపోతే స్థానిక ఖాజీ గానీ, అతని తరఫున పనిచేసే నాయిబ్ గానీ ‘ఫలానావాడు పోయాడు, ఫలానావాడు తగినవాడు’ అని రాజధానికి అర్జ్, అంటే నివేదిక, పంపేవాడు. అక్కడి దఫ్తరులో పాత నమోదుతో సరిచూసి కొత్త బెరాత్ ఇచ్చేవారు. సుల్తాను మారినప్పుడల్లా అమల్లో ఉన్న బెరాత్‌లను కొత్త సుల్తాను పేరుతో మళ్లీ రాయించుకోవాలి. 1807లో నాలుగో ముస్తఫా, 1808లో రెండో మహ్మూద్ గద్దెనెక్కినప్పుడు పద్నాలుగు నెలల తేడాతో రెండుసార్లు ఈ పని జరగాల్సి వచ్చింది. అలాంటి రద్దీలో గుమాస్తా కంటికి తప్పిపోయినవీ, కావాలని తప్పించినవీ దఫ్తరులో నిలిచిపోయేవి. ఈ కేసులోని చిక్కు కూడా ఒక పునరుద్ధరణ సమయంలోనే పుట్టింది.

వచ్చిన సమస్య

1925 నవంబరు 30న ఆమోదించిన 677 నంబరు చట్టంతో టర్కీలో తెక్కెలు, జావియేలు మూతపడ్డాయి, షేఖ్ వంటి బిరుదులు రద్దయ్యాయి. వక్ఫు ఆస్తి మాత్రం మాయం కాలేదు. వక్ఫుల డైరెక్టరేటు చేతికి వెళ్లిన పాత వక్ఫుల్లో, ఖర్చులు పోగా మిగిలిన రాబడి సంతానానికి చెందాలని వక్ఫియాలో, అంటే స్థాపకుడు రాయించిన వక్ఫు పత్రంలో, రాసి ఉంటే, ఆ సంతానం నేటికీ కోర్టులో తమ వంశాన్ని రుజువు చేసుకుని ఆ మిగులు అడగవచ్చు. 2008 నాటి 5737 నంబరు వక్ఫుల చట్టం ఈ హక్కును గుర్తిస్తుంది. మా దగ్గరికి వచ్చిన కుటుంబం వేయదలచినది అలాంటి దావాయే.

వారి దగ్గర తరతరాలుగా రేకు గొట్టంలో చుట్టి దాచుకున్న ఒక బెరాత్ ఉంది. అందులో తమ పూర్వీకుడు ముతవల్లిగా కనిపిస్తాడు. కానీ ఆర్కైవులో వెతికితే ఇంచుమించు అదే కాలానికి మరో శాఖవాడు ముతవల్లి అని చెప్పే బెరాత్ నమోదు బయటపడింది. కుటుంబం మమ్మల్ని అడిగింది సూటిగానే ఉంది: తమ పూర్వీకుడే నిజమైన ముతవల్లి అనీ, అవతలివాడిది దొంగ బెరాత్ అనీ నిరూపించాలి. ఇక్కడి నుంచి వారి శాఖను మొదటి శాఖ అనీ, అవతలిదాన్ని రెండో శాఖ అనీ అంటాను. కుటుంబంలో ఇంకో మాట కూడా వాడుకలో ఉంది: మొదటి శాఖ స్థాపకుడి కూతురి వైపు నుంచి వచ్చిందట, అందుకే రెండో శాఖవారు చిన్నచూపు చూసి పదవి లాక్కున్నారట.

ఈ ప్రశ్నను అడిగిన రూపంలోనే నేను ఒప్పుకున్నాను. నా మొదటి తప్పు అదే. ఒక పదవి, ఇద్దరు హక్కుదారులు, ఒకడిది నిజం, ఒకడిది అబద్ధం అన్న చట్రంలోనే తర్వాతి రెండు నెలలూ పనిచేశాను.

మొదట చేసినవి, అవి ఫలించని తీరు

సహజంగానే వక్ఫియాతో మొదలుపెట్టాను. ‘స్థాపకుడి షరతు శాసనకర్త వాక్కుతో సమానం’ అన్నది ఒట్టోమన్ న్యాయంలో నిత్యం వినిపించే సూత్రం కాబట్టి, తగాదా తేలాలంటే షరతు మాటలే తేల్చాలి. మూలపత్రం దొరకలేదు, తర్వాతి కాలంలో రిజిస్టరులోకి ఎక్కించిన నకలు దొరికింది. అందులో ‘సంతానం, సంతానపు సంతానం’ అని ఉందే తప్ప కొడుకుల సంతానమా, కూతుళ్లదా అన్న మాట లేదు. అలాంటి మాటలో కూతురి పిల్లలు చేరతారా లేదా అన్న విషయంలో ఒట్టోమన్‌లు పాటించిన హనఫీ ఇస్లామీయ న్యాయశాఖ పండితుల మధ్య పాతకాలం నుంచే భేదాభిప్రాయం ఉంది. కుటుంబం చెప్పిన కథ మనసులో ఉన్నందువల్ల, తగాదా కీలకం ఇదే అనుకుని పదిహేను రోజులు ఫత్వాల వెంట తిరిగాను. చదివింది వృథా అనను గానీ, ఈ కేసులోని ఒక్క కాగితం కూడా ఆ ప్రశ్న ఎత్తలేదన్న సంగతి చూడాల్సినంత త్వరగా చూడలేదు. పత్రాలు అడగని ప్రశ్నకు నేను జవాబు వెతుకుతూ ఉన్నాను.

తర్వాత ఖాజీ కోర్టు రిజిస్టర్లు, అంటే సిజిల్లు చూశాను. అందులో ఒక విచారణ నమోదు స్పష్టంగా ఉంది: రెండో శాఖవాడు వాది, మొదటి శాఖవాడు ప్రతివాది, ఇద్దరు ముగ్గురు సాక్షులు, వాదికి అనుకూలంగా హుజ్జత్, అంటే కోర్టు పత్రం. నేను దాన్నే తుది తీర్పుగా రాసేసుకోబోయాను. నాలుగు పుటలు తిప్పాక మరో విచారణ, ఈసారి వాది ప్రతివాదులు తారుమారు, తీర్పు కూడా తారుమారు. రెండింటి మధ్య ఖాజీ మారాడు. 18వ శతాబ్దంలో మామూలు కసబాల ఖాజీ ఒక చోట ఉండేది ఇరవై నెలలే. చాలాచోట్ల ఖాజీ అసలు రాకుండా నాయిబ్‌ను పంపేవాడు. రుజువు భారం వాదిది, కాదన్నవాడికి ప్రమాణం అన్న నియమం ప్రకారం, ఆ రోజు ఎవరు వాదిగా నిలబడి, ఎవరు సాక్షులను తెచ్చుకోగలిగారన్న దాన్ని బట్టి ఫలితం ఉండేది. సిజిల్ నమోదు ఆనాడు ఖాజీ ముందు ఏది రుజువుగా నిలిచిందో నమ్మకంగా చెబుతుంది. ఊళ్లో నిజంగా ఏం జరిగిందో అదే చెబుతుందని నేను ఆశించడం తప్పు.

మూడో అడుగు బెరాత్‌ల పోలిక. ఇక్కడ ఒక మాట చెప్పాలి. హనఫీ సంప్రదాయంలో రాతకు, ముద్రకు వాటంతటవే రుజువు విలువ లేదు, సాక్షి నోరే ప్రధానం. దానికి ముఖ్యమైన మినహాయింపు సుల్తాను బెరాత్, రాజ్యపు భూమి దఫ్తరు నమోదులు. వీటిలో కల్పనకు తావు లేదన్న కారణంతో వీటిని అమలు చేయవచ్చని తర్వాతి కాలంలో, 1869–1876 మధ్య వెలువడిన ఒట్టోమన్ పౌర న్యాయస్మృతి మెజెల్లె 1737వ అధికరణం రాసిపెట్టింది. 1739వ అధికరణం మాత్రం వక్ఫియాను ఒంటిగా నమ్మకూడదనీ, అది నమ్మకమైన కోర్టు రిజిస్టరులో నమోదై ఉంటేనే చెల్లుతుందనీ అంటుంది. అంటే బెరాత్ ఉన్నవాడి పక్షం ఎప్పుడూ బలమైనదే. ఇక్కడ బెరాత్ ఇద్దరికీ ఉంది. ఒకటి దొంగదై ఉండాలన్న కుటుంబం ఊహ అందుకే నాకూ సబబుగానే తోచింది. కాగితం, సిరా, తుగ్రా, గుమాస్తా గుర్తులు అన్నీ చూశాం. రెండూ అసలైనవే. ఆ సాయంత్రం నా సహచరుడికి ‘నా దగ్గర ఇక చెప్పడానికేమీ లేదు’ అని రాసేశాను.

పట్టికలో లేని నిలువు గడి

దారి చూపినవి హురూఫాత్ దఫ్తర్లు. అంకారాలోని వక్ఫుల డైరెక్టరేటు ఆర్కైవులో ఉన్న ఈ దఫ్తర్లు 17వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మొదటి సగం దాకా వక్ఫు పదవుల నియామకాలను కసబాల పేర్ల అక్షరక్రమంలో నమోదు చేస్తాయి. హురూఫ్ అంటే అక్షరాలు, పేరు అందుకే వచ్చింది. ఒక్కో నమోదు రెండు మూడు వరుసలే. ఏ వక్ఫు, ఏ పదవి, రోజుకు ఎన్ని అక్చెలు (వెండి నాణేలు), ఎవరు పోగా ఎవరికి, ఏ ఖాజీ అర్జ్ మీద, ఏ నెలలో అన్నంత వరకే. కథ ఉండదు, వాదన ఉండదు. ఆ పొడితనమే మేలు చేసింది, ఎందుకంటే పొగడ్తలూ ఫిర్యాదులూ లేనిచోట పదవి పేరు ఒక్కటే కంటికి ఆనుతుంది.

మా జావియేకు సంబంధించిన నమోదులన్నీ వరుసగా పేర్చుకునేందుకు పట్టిక గీశాను. మొదటి పట్టికలో తేదీ, పాతవాడు, కొత్తవాడు, శాఖ అని నాలుగు నిలువు గడులు పెట్టాను. సగం దాకా నింపాక చేయి ఆగిపోయింది. మొదటి శాఖ పేర్లు వచ్చిన ప్రతిచోటా పదవి ‘జావియేదార్’ అని ఉంది, రెండో శాఖ పేర్లు వచ్చిన ప్రతిచోటా ‘ముతవల్లి’ అని ఉంది. నేను రెండింటినీ ‘మఠం పెద్ద’ అనే ఒకే అర్థంలో చదువుకుంటూ పోయాను కాబట్టి, పదవికి గడి పెట్టాలన్న ఆలోచనే రాలేదు. దర్గా ఆధ్యాత్మిక వారసుడైన సజ్జాదా నషీన్ వేరు, ముతవల్లి వేరు అని దక్కను దర్గాల కాగితాల్లో ఎన్నోసార్లు చదివిన మనిషిని, దూరదేశపు కాగితంలో అదే తేడా కళ్లముందున్నా చూడలేకపోయాను. ఐదో గడి గీసి మళ్లీ మొదటి నుంచి నింపితే రెండు పరంపరలు విడివిడిగా, చాలా ఏళ్ల పాటు, ఒకదానికొకటి తగలకుండా సాగాయి. అన్నం పెట్టే గరిటె ఒక శాఖది, లెక్కల పెట్టె తాళం మరో శాఖది. ఆ ఏళ్లలో తగాదా జాడే లేదు.

ఇలా అధికారం రెండుగా ఉండటం చిన్న మఠాలకే పరిమితం కాదు. బెక్తాషీ సూఫీ మార్గానికి మూలపురుషుడైన హాజీ బెక్తాష్ పేరున్న ప్రధాన మఠంలో, ఆ మహాత్ముడి రక్తసంతానంగా చెప్పుకునే చెలెబీలకూ, పెళ్లి మానుకుని మఠంలోనే ఉండి గురుపరంపర ద్వారా వారసత్వం చెప్పుకునే బాబాలకూ మధ్య ఎవరిది పైచేయి అన్న వివాదం చాలా కాలం నడిచింది. 1826లో జనిసరీ సైన్యాన్ని, వెంటనే బెక్తాషీ మార్గాన్ని రద్దు చేశాక ప్రభుత్వం అక్కడ మరో సూఫీ మార్గమైన నక్ష్‌బందీకి చెందిన షేఖ్‌ను కూర్చోబెట్టడంతో మూడో వాటాదారు చేరాడు. దాని పక్కన మా జావియే గవ్వంత. కానీ ‘ఇక్కడ అధికారం ఏ పేరుతో, దేని మీద’ అన్న ప్రశ్న రెండుచోట్లా ఒకటే, దాన్ని నేను మొదటి రోజే అడిగి ఉండాల్సింది.

వావ్

మరి కుటుంబం దగ్గరి బెరాత్ సంగతేమిటి? దాని స్కాను తెరిచి పదవి పేరున్న వరుసను తెర నిండా పెద్దది చేశాను. ‘జావియేదార్ వ ముతవల్లి’ అని ఉంది. ఆ ‘వ’ అరబ్బీ లిపిలో వావ్ అనే ఒక్క అక్షరం. చిన్న తల, కిందికి ఒంపు తిరిగిన తోక. అది తర్వాత ఇరికించినది కాదు: తోక చివర పక్కనున్న ముతవల్లిలోని మొదటి అక్షరం మీమ్ కిందుగా సాగింది, మీమ్ గీత దాని మీదుగా వచ్చింది, సిరా చిక్కదనం ఒకటే. రాసిన చేయి ఒక ఊపులో రాసింది. కాబట్టి రాజధాని గుమాస్తా తనకు అందిన అర్జ్‌లో ఏముందో అదే రాశాడు. అసలైన బెరాత్‌లోకి రెండో పదవి ఎక్కిందంటే, వెతకాల్సింది బెరాత్‌లో కాదు, దాని వెనకున్న అర్జ్‌లో.

ఆ అర్జ్ సారాంశం హురూఫాత్ నమోదులోనే ఉంది: ముతవల్లి ‘బిలా వెలెద్’, అంటే సంతానం లేకుండా చనిపోయాడు, పదవి ఖాళీగా ఉంది, జావియేదార్‌కే ఇవ్వవచ్చు. అది సుల్తాను మారిన ఏడాది. నాలుగేళ్ల తర్వాతి కాగితాల్లో అదే ముతవల్లి బతికే ఉన్నాడు, అర్జీ కూడా పెట్టుకున్నాడు.

ఆ అర్జీ మాకు కుటుంబం నుంచే వచ్చింది, అదీ చాలా ఆలస్యంగా. వారు దాన్ని ఎప్పుడో ఆర్కైవు నుంచి తెప్పించుకుని, చదివించుకుని, పక్కన పెట్టేశారు. కారణం అర్థం చేసుకోదగినదే: అందులో రెండో శాఖవాడు వారి పూర్వీకుడి మీద నిందలు మోపాడు. ఒట్టోమన్ అర్జుహాల్ మన అర్జీకి అచ్చంగా చుట్టం, మాటలోనే కాదు, తీరులో కూడా. ‘నేను బతికి ఉండగానే నన్ను చచ్చినవాడిగా చూపి, హిలాఫ్-ఇ ఇన్హాతో తన బెరాత్‌లో నా పదవి చేర్పించుకున్నాడు, బాటసారులకు అన్నం పెట్టకుండా రాబడి తింటున్నాడు’ అన్నది దాని సారం. హిలాఫ్-ఇ ఇన్హా అంటే వాస్తవానికి విరుద్ధమైన నివేదిక. ఇలాంటి ఫిర్యాదుల్లో ఇది వాడుక మాట. కాగితం అంచున దఫ్తరు గుమాస్తా రాసిన దెర్‌కెనార్ ఉంది. పాత నమోదు వెతికి, పునరుద్ధరణకు ముందు జావియేదార్ పదవి ఒకరిది, ముతవల్లి పదవి మరొకరిది అని రెండు ముక్కల్లో ఎత్తి రాశాడు. దాని మీద ‘స్థానికంగా షరా ప్రకారం విచారించాలి’ అన్న ఆజ్ఞ.

సిజిల్‌లో నన్ను తికమక పెట్టిన రెండు విచారణలు ఈ వెలుగులో చూస్తే విరుద్ధమైనవి కావు. మొదటిది ముతవల్లి పదవి గురించి, అది రెండో శాఖకు తిరిగి వెళ్లింది. రెండోది, ఆ గెలుపు ఊపులో రెండో శాఖవాడు జావియేదార్ పదవి కూడా లాక్కోబోతే మొదటి శాఖవాడు వాదిగా వచ్చి దాన్ని నిలుపుకున్నది. స్థాపకుడి షరతు ప్రకారం పదవిలో ఉన్నవాణ్ణి తొలగించాలంటే నమ్మకద్రోహం, వారి మాటలో హియానెత్, రుజువు కావాలి. అది రుజువు కాలేదని నాయిబ్ రాశాడు. రెండు చోట్లా ‘మఠం’ అనే మాటే చూస్తూ పోవడం వల్ల నాకు తీర్పు తిరగబడినట్టు కనిపించింది.

లెక్కల పుటలు

అన్నం పెట్టలేదన్న నింద కుటుంబాన్ని బాగా బాధపెట్టింది. ఇంటి పెద్దావిడ నా సహచరుడితో, పదవి పోయినా ఫరవాలేదు గానీ తమ ముత్తాతల ఇల్లు ఆకలితో వచ్చినవాణ్ణి పంపేసిందన్న మాట కోర్టు కాగితంలోకి ఎక్కకూడదని అన్నదట. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. నాకు మొదట పంపిన సియాకత్ పుటల్లో దీనికి జవాబు ఉండవచ్చని అప్పుడే తట్టింది.

పైన రాబడి, కింద ఖర్చు, అడుగున ముతవల్లి మొహరు. రెండో శాఖ మొహరున్న ఏళ్లలో రొట్టె, గంజి ఖర్చు పంటతో పాటు పెరుగుతూ తరుగుతూ ఉంది. మొదటి శాఖ మొహరున్న ఏళ్లలో ఆ పద్దు దగ్గర అదే గీతల ముడి, అదే మొత్తం, ఏటా మార్పు లేకుండా ఉంది. చూడగానే నింద నిజమే అనిపిస్తుంది: నిజంగా వండి వడ్డించినవాడి లెక్క ఏటా ఒకేలా ఉండదు. కానీ పై సగంలోని రాబడి చదివితే, ఆ ఏళ్లలో ఊరి ఉషుర్‌ను కూడా కొలిచి తీసుకోకుండా ఒకే మొత్తానికి మక్తాకు ఇచ్చేశారు. మక్తా అంటే తెలుగు రెవెన్యూ కాగితాలు చూసినవారికి వేరే చెప్పక్కర్లేదు. రాబడి ఏటా ఒకటే అయినప్పుడు ఖర్చు పద్దు కూడా ఒకే అంకెగా రాసి ఉండవచ్చు. ఈ పుటలతో నింద రుజువు కాదు, అబద్ధమని కూడా తేలదు. నివేదికలో అంతే రాశాను, కుటుంబానికి కూడా అంతే చెప్పాను. వారికి ఊరట కలిగించే వాక్యం రాయాలన్న కోరిక నాకు బలంగానే కలిగింది. అయినా పుటలో లేనిదాన్ని రాయలేదు.

పనికొచ్చిన కాగితం

ఇక్కడ దావా అవసరాన్ని మళ్లీ మొదటి నుంచి ఆలోచించాం. మిగులు రాబడి అడగడానికి కావాల్సింది స్థాపకుడి సంతానమన్న రుజువు. పూర్వీకుడు ముతవల్లి అయినా కాకపోయినా, ఆ హక్కు దాని మీద ఆధారపడదు. బెరాత్‌లో వారి పూర్వీకుడి పేరు, తండ్రి పేరు, పదవి ఉన్నాయి. అతను స్థాపకుడి సంతానమన్న మాట మాత్రం లేదు. బయటివాడు కూడా జావియేదార్ కావచ్చు కాబట్టి ఆ పదవి ఒక్కటే వంశాన్ని నిలబెట్టదు.

అది రాసి ఉన్నది శత్రువు అర్జీలో. తన మీద కుట్ర చేసినవాణ్ణి పరిచయం చేస్తూ రెండో శాఖవాడు ‘ఈ వక్ఫు స్థాపకుడి సంతానంలోనివాడూ, నా అమ్మిజాదె అయిన ఫలానా’ అని రాశాడు. అమ్మిజాదె అంటే పినతండ్రి గానీ పెదతండ్రి గానీ కొడుకు. ప్రతిపక్షి నోట, తనకు లాభం లేని విషయంలో వచ్చిన ఒప్పుకోలు ఇది. ఇక్రార్ అని పిలిచే ఇలాంటి ఒప్పుకోలుకు ఆ కాలపు న్యాయంలో ఎంతో బరువుండేది. చరిత్ర సాక్ష్యంగా నేటికీ దీని బరువు తక్కువది కాదు, ఎందుకంటే వంశాన్ని కాదనడం ఆ శత్రువుకు అన్నిటికంటే సులువైన ఆయుధం, అతను దాన్ని ఎత్తలేదు. కూతురి వైపు నుంచి వచ్చిన శాఖ అన్న కుటుంబగాథ కూడా ఈ ఒక్క మాటతో నిలవకుండా పోయింది: ఆ అర్జీ లెక్కన ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలే.

అక్కడి నుంచి నేటి దాకా గొలుసు కలపడం సహచరుడి పని. 1844–45 నాటి తెమెత్తుఆత్ అనే ఆస్తి, ఆదాయాల సర్వేలో ఆ ఊరి ఇళ్ల యజమానుల జాబితాలో మొదటి శాఖవాడు జావియేదార్‌గానే కనిపించాడు. తర్వాతి లంకెలు జనాభా రిజిస్టర్లలో దొరికాయి. దావాను ఉషుర్ మీద కాకుండా మర, పొలాల మీదే పెట్టమని సూచించాం. ఉషుర్ అసలు రాజ్యపు పన్నును మఠానికి కేటాయించినది, 1925లో ఆ పన్నే రద్దయింది. మర, పొలాలు స్థాపకుడి సొంత ఆస్తిగా వక్ఫు చేసినవని వక్ఫియా నకలు చెబుతోంది.

పనితీరులో మార్చుకున్నవి

ఇప్పుడు ఏ వక్ఫు తగాదా వచ్చినా, మనుషుల పేర్లు రాసుకునే ముందు పదవుల పేర్లు రాసుకుంటాను. అదే కాలానికి రెండు బెరాత్‌లు కనిపిస్తే దొంగ బెరాత్ అనుకునే ముందు, రెండు పదవులా, ఒకే పదవిలో రెండు వాటాలా, రెండు పునరుద్ధరణలా అని ఈ వరుసలోనే చూస్తాను. దొంగతనం అనుమానం చివరిది. సిజిల్ తీర్పును దానికి ముందూ వెనకా ఉన్న అర్జ్, దెర్‌కెనార్ లేకుండా నివేదికలో పెట్టను. అన్నిటికంటే ముఖ్యంగా, పని ఒప్పుకునే రోజే కుటుంబాన్ని ‘మీకు నచ్చక పక్కన పెట్టిన కాగితాలు ఏవైనా ఉన్నాయా’ అని అడుగుతాను. వాటిని ఎందుకు దాచారో చెప్పనక్కర్లేదని కూడా ముందే అంటాను, లేకపోతే ఇవ్వరు. ఈ కేసులో ఆ అర్జీ మొదటి వారమే చేతికి వచ్చి ఉంటే రెండు నెలల పని మూడు వారాల్లో అయ్యేది.

కేసు ప్రస్తుత స్థితి

నివేదికలో అర్జీని పూర్తిగా, నిందల భాగంతో సహా చేర్చాం. సగం కత్తిరించి పెడితే అవతలి వకీలు మిగతా సగం తెస్తాడన్నది ఒక కారణం. నింద రుజువు కాలేదన్న నాయిబ్ మాట పక్కనే ఉంటేనే ఆ పూర్వీకుడికి న్యాయం జరుగుతుందన్నది నాకు అంతకంటే ముఖ్యమైన కారణం. పెద్దావిడ రెండు రోజులు ఆలోచించి సరేనంది. సంతకం చేసే ముందు ‘అమ్మిజాదె’ అన్న మాట కాగితంలో ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ వరుస మీద వేలు పెట్టి కొంతసేపు ఉంచిందని సహచరుడు రాశాడు. దావా నడుస్తోంది. అర్జీ నకలును ఆమె బెరాత్‌తో పాటు అదే రేకు గొట్టంలో పెట్టించింది.